క్లైంబింగ్ క్లబ్ పండుగ కలయికకి చిరుతిళ్లు: వేళ్లకి అంటకుండా చేయడం ఎలా

క్లైంబింగ్ క్లబ్‌లో పండుగ కలయికకి ఏదైనా చేసి తీసుకెళ్లాలనుకుంటే నాలుక కంటే ముందు వేళ్ల గురించి ఆలోచించండి. అక్కడ తినే చేతులకి చాక్ పొడి (చెమట పీల్చి పట్టు జారకుండా రాసుకునే తెల్లపొడి) పట్టి ఉంటుంది. తిన్న పది నిమిషాలకే ఆ చేతులు మళ్లీ హోల్డు (గోడ మీద పట్టుకుని ఎక్కే దిమ్మ) మీదకో తాడు మీదకో వెళ్తాయి. నూనె అంటిన వేలు హోల్డు మీద జిడ్డు వదిలేస్తుంది. ఆ జిడ్డులో చాక్ కలిసి ముద్దలా పేరుకుంటుంది, పట్టు జారుతుంది, బ్రష్‌తో ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. పాకం అంటిన వేలు తాడు పట్టుకుంటే అక్కడ దుమ్మూ ఇసుకా చేరతాయి. అందుకే మామూలు విందుల్లో బాగా నడిచే వేపుళ్లు, క్రీమ్ కేకులు, ముంచుకు తినే సాస్‌లు, పొరలు పొరలుగా రాలే పఫ్‌లు ఇక్కడ పనికిరావు. రుచిలో లోపమేమీ లేదు గానీ అవి అంటుకుంటాయి, రాలుతాయి, ఒలుకుతాయి.

కావలసింది పొడిగా, గట్టిగా, ఒకటి రెండు కొరుకుల్లో అయిపోయేది. ఫ్రిజ్ అక్కర్లేకుండా నిలవ ఉండాలి, బ్యాగులో తాడు పక్కన పడేసినా నుజ్జవకూడదు. ఈ లెక్కకి సరిపడే ఐదు రకాలు కింద ఉన్నాయి: కారబైనర్ (తాడు తగిలించే, తెరుచుకునే గేటున్న లోహపు కొక్కెం) ఆకారంలో అల్లం బిస్కెట్లు, గింజల పాకం పట్టీ, ఖర్జూరం ఉండలు, మసాలా పప్పులు (బాదం, జీడిపప్పు లాంటివి), కరకరలాడే శనగలు. వీటితో పాటు ఒక వేడి పానీయం.

ఎంత చేయాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి

భోజనం వేరే ఉండి ఇవి మధ్యలో నంజుకోవడానికే అయితే మనిషికి 100 గ్రాములు చాలు. కింది కొలతలన్నీ కలిపితే సుమారు 3 కిలోల పైచిలుకు వస్తుంది, అంటే ముప్పై మందికి సరిపోతుంది. భోజనం లేదంటే మనిషికి 200 గ్రాములు లెక్కేసుకోండి. రోజంతా ఎక్కి దిగినవాళ్లు మామూలు అతిథుల్లా తినరు. ముఖ్యంగా ఉప్పు, కారం ఉన్నవి ముందు ఖాళీ అవుతాయి. రెట్టింపు చేయాల్సి వస్తే శనగలూ పప్పులూ రెట్టింపు చేయండి, తీపివి కాదు.

బిస్కెట్లు, పాకం పట్టీ నాలుగైదు రోజుల ముందే చేసుకోవచ్చు. ఖర్జూరం ఉండలు రెండు మూడు రోజుల ముందు, మసాలా పప్పులు ముందు రోజు. శనగలు ముందు రోజు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి, కాల్చడం మాత్రం వెళ్లే రోజు పొద్దున్నే పెట్టుకోండి. అవి మర్నాటికి మెత్తబడిపోతాయి.

వంట మొదలుపెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఎవరికి ఏది పడదో అడగండి. వేరుశనగ, బాదం, జీడిపప్పు లాంటివి, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు: ఈ పేర్లు విడివిడిగా చదివి మరీ అడగాలి. "ఎలర్జీ ఏమైనా ఉందా?" అని ఊరికే అడిగితే సగం మందికి తట్టదు. పప్పులు తీవ్రంగా పడనివాళ్లు ఒక్కరున్నా ఆ రోజు బల్ల మీదకి ఏ పప్పూ రాకూడదు. విడిగా గిన్నెలో పెట్టి చీటీ అంటిస్తే మామూలు విందులో సరిపోతుందేమో గానీ ఇక్కడ సరిపోదు. పప్పు తిన్న చేతులే హోల్డులన్నీ పట్టుకుంటాయి, తర్వాత అదే హోల్డు ఆ మనిషి పట్టుకుంటాడు. బాదం, జీడిపప్పు ఉన్న ప్రతిచోటా గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు అదే తూకంలో వాడుకోవచ్చు. కొనే ప్యాకెట్ల మీద "పప్పుల ఆనవాళ్లు ఉండవచ్చు" అన్న హెచ్చరిక ఉందేమో కూడా చూడండి. గింజల ప్యాకెట్ల మీదే అది తరచుగా కనిపిస్తుంది.

అల్లం బిస్కెట్లు, కారబైనర్ ఆకారంలో

పండుగ కళ తెచ్చేవి ఇవే. కాస్త ఓపిక అడుగుతాయి గానీ పని కష్టం కాదు.

మైదా 350 గ్రాములు, వంట సోడా అర టీస్పూను, శొంఠి పొడి 2 టీస్పూన్లు, దాల్చిన చెక్క పొడి 1 టీస్పూను, లవంగాల పొడి పావు టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. ఉప్పు లేని వెన్న 120 గ్రాములు, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, తేనె 80 గ్రాములు, గుడ్డు ఒకటి.

సోడా కొలత గురించి ముందే చెప్పాలి. మామూలు అల్లం బిస్కెట్లకి దీనికి రెట్టింపు వేస్తారు. అలా వేస్తే బిస్కెట్టు బాగా పొంగుతుంది, అంచులు మొద్దుబారతాయి, కారబైనర్ కాస్తా గారెలా తయారవుతుంది. ఆకారం నిలవాలంటే సోడా తగ్గించాలి.

1. పొడులన్నీ మైదాలో కలిపి జల్లించండి. శొంఠి పొడి గడ్డకట్టి ఉంటే ఒక్కచోట ఘాటు తగిలి మిగతాదంతా చప్పగా ఉంటుంది.

2. వెన్న, చక్కెర, తేనె చిన్న మంట మీద కరిగేవరకే ఉంచి దింపండి, మరిగించొద్దు. గోరువెచ్చగా అయ్యాక గుడ్డు కొట్టి కలపండి. వేడిగా ఉండగానే వేస్తే గుడ్డు ఉడికి తునకలు తునకలవుతుంది.

3. మైదా పోసి ముద్దయ్యేంతవరకే కలపండి. చపాతీ పిండిలా మర్దించొద్దు. మైదాలోని జిగురు సాగి బిస్కెట్టు గట్టిపడుతుంది, పైగా ఓవెన్‌లో ముడుచుకుని ఆకారం వంకరపోతుంది.

4. ముద్ద ఇప్పుడు చేతికి అంటేంత మెత్తగా ఉంటుంది. కంగారుపడి ఇంకా మైదా చల్లకండి. బిళ్లలా ఒత్తి, చుట్టి, ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి. వెన్న గట్టిపడితే అదే దారికొస్తుంది.

5. రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి 5 మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. పేపర్ల మధ్య ఒత్తితే పైన పిండి చల్లే పని ఉండదు, చల్లిన పిండి బిస్కెట్టు మీద తెల్లగా మిగలదు.

6. అట్టముక్క మీద 9 సెంటీమీటర్ల పొడవు, 5.5 సెంటీమీటర్ల వెడల్పుతో ఒక కొస సన్నంగా, ఒక కొస వెడల్పుగా ఉండే కోడిగుడ్డు ఆకారం గీసి కత్తిరించుకోండి. లోపలి రంధ్రం 6 సెంటీమీటర్ల పొడవు, 2.8 సెంటీమీటర్ల వెడల్పు. చుట్టూ పట్టీ 1.3 సెంటీమీటర్లకి తగ్గకూడదు, సన్నబడితే సంచిలోనే విరిగిపోతుంది. నిజం కారబైనర్‌లా గేటు దగ్గర ఖాళీ వదలాలని మనసు లాగుతుంది. వదలొద్దు, ముందు విరిగేది అక్కడే. కత్తి వెనకవైపుతో పైపైన రెండు గీతలు గీస్తే గేటు కనిపిస్తుంది, బలం పోదు.

7. కోసిన ముక్కల్ని ట్రేతో సహా ఫ్రీజర్‌లో 15 నిమిషాలు పెట్టండి. ఆకారం నిలబెట్టేది ఈ పావుగంటే. చల్లటి పిండి ఓవెన్‌లోకి వెళ్తే వెన్న కరిగేలోపే అంచులు కుదురుకుంటాయి.

8. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. ఓవెన్ ముందే పూర్తిగా వేడెక్కి ఉండాలి. అంచులు కాస్త ముదురు రంగు తిరిగి, మధ్యలో వేలితో నొక్కితే ఇంకా మెత్తగా తగిలినప్పుడే తీసేయండి. ట్రే మీదే ఐదు నిమిషాలు ఉంచితే గట్టిపడతాయి. ఓవెన్‌లోనే గట్టిపడేదాకా ఉంచితే చల్లారాక పళ్లు నొప్పెడతాయి.

లోపల కోసి తీసిన చిన్న ముక్కల్ని మళ్లీ కలిపి ఒత్తితే మొత్తం 40 దాకా వస్తాయి. కొన్నింటిని అలాగే చిన్న బిళ్లలుగా కాల్చుకోండి, పిల్లలకి అవే నచ్చుతాయి. అయితే ఏడాది నిండని పసివాళ్లకి తేనె పెట్టకూడదు, తేనె వేసి కాల్చిందైనా సరే.

గేటు గీతల మీద తెల్లటి ఐసింగ్ గీయాలంటే 150 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో నిమ్మరసం ఒక్కో టీస్పూనే వేస్తూ కలపండి, నాలుగైదు టీస్పూన్లకి మించదు. చెంచా ఎత్తితే జారిన గీత గిన్నెలో కొన్ని సెకన్లు నిలవాలి. రాత్రంతా ఆరనివ్వండి. ఆరని ఐసింగ్ వేళ్లకి అంటే ఇంత పడ్డ శ్రమా వృథా.

వీటిని దండగా గుచ్చి గోడకి వేలాడదీస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొత్త నూలు దారం వాడండి. పాత తాడు ముక్కలూ పాత స్లింగులూ (ఎక్కేటప్పుడు వాడే పట్టీలు) తినేవాటికి తగలనివ్వొద్దు, వాటిలో ఏళ్ల నాటి మట్టీ చెమటా అల్యూమినియం మరకలూ ఉంటాయి.

గింజల పాకం పట్టీ

పప్పులు పడనివాళ్లు కూడా తినగలిగే తీపి ఇది. గుమ్మడి గింజలు 200 గ్రాములు, పొద్దుతిరుగుడు గింజలు 100 గ్రాములు, చక్కెర 300 గ్రాములు, నీళ్లు 75 మిల్లీలీటర్లు, గ్లూకోజ్ సిరప్ 60 గ్రాములు, వెన్న 20 గ్రాములు, ఉప్పు అర టీస్పూను, వంట సోడా అర టీస్పూను.

అన్నీ స్టవ్ పక్కన చేతికందేలా పెట్టుకున్నాకే పాకం మొదలుపెట్టండి. చివరి రెండు నిమిషాల్లో సోడా డబ్బా వెతుక్కుంటూ కూర్చుంటే పాకం మాడిపోతుంది. గింజలు దోరగా వేయించి, 100 డిగ్రీల ఓవెన్‌లో వెచ్చగా ఉంచండి. చల్లటి గింజలు పోస్తే పాకం అక్కడికక్కడే బిగుసుకుపోయి పరచడానికి రాదు.

మందపాటి గిన్నెలో చక్కెర, నీళ్లు, సిరప్ వేసి మధ్యస్థం మంట మీద చక్కెర కరిగేదాకా కలపండి. ఒకసారి మరుగు మొదలయ్యాక గరిటె తీసేయండి. ఆ తర్వాత కలిపితే అంచుల్లోని చక్కెర పలుకులు లోపలికి పడి పాకమంతా తిరిగి పలుకు కట్టేస్తుంది. గిన్నె అంచులకి పలుకులు అంటుకుంటే తడి బ్రష్‌తో తుడవండి. గ్లూకోజ్ సిరప్ వేసేది కూడా పలుకు కట్టకుండానే, తీపి కోసం కాదు.

పాకం 150 డిగ్రీలకి రావాలి. థర్మామీటరు లేకపోతే చన్నీళ్లలో చుక్క వేసి చూడండి. తీసి విరిస్తే వంగకుండా టక్కున విరగాలి. ఉండ కట్టినా, వంగినా ఇంకా సమయం ఉంది. 140 దగ్గర ఆపేస్తే పట్టీ పళ్లకి అతుక్కుంటుంది, చేతికీ అంటుతుంది. మరీ పైకి పోతే మాడి చేదెక్కుతుంది. 130 దాకా నెమ్మదిగా నడిచే పాకం అక్కడి నుంచి పరుగెత్తుతుంది, పక్కకి వెళ్లొద్దు.

ఈ వంట కొండ మీది గుడిసెలోనో క్యాంపులోనో చేస్తుంటే ఒక సవరణ ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, దాదాపు ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున. పాకం లెక్కా అంతే. 1500 మీటర్ల ఎత్తులో 145 డిగ్రీలకే దింపేయాలి. 150 దాకా ఆగితే నీళ్లన్నీ ఎగిరిపోయి ముదిరిపోతుంది. చన్నీళ్ల పరీక్ష మాత్రం ఏ ఎత్తులోనైనా ఒకటే. అందుకే థర్మామీటరు ఉన్నా అది నేర్చుకుని ఉండటం మంచిది.

దింపగానే వెన్న, ఉప్పు, చివర సోడా. సోడా పడగానే నురగ పైకి లేస్తుంది, గిన్నె పెద్దదై ఉండాలి. ఆ నురగే పట్టీలో సన్నటి బుడగలై మిగులుతుంది, అందువల్ల కొరికితే తేలిగ్గా విరుగుతుంది. వెంటనే గింజలు కలిపి, బేకింగ్ పేపర్ మీద పోసి, పైన ఇంకో పేపర్ కప్పి కర్రతో 5 మిల్లీమీటర్ల మందానికి ఒత్తండి. ఒకటి రెండు నిమిషాలాగి, ఇంకా వంగేలా ఉన్నప్పుడే నూనె రాసిన కత్తితో 3 సెంటీమీటర్ల చదరాలుగా గాట్లు పెట్టాలి. గట్టిపడ్డాక విరగ్గొడితే గాజు పెంకుల్లా పదునైన ముక్కలు వస్తాయి. ఎక్కి ఎక్కి తోలు పల్చబడ్డ వేళ్లకి అవి గుచ్చుకుంటాయి.

పాకం చర్మం మీద పడితే అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి, పక్కన గిన్నె నిండా చన్నీళ్లు పెట్టుకోండి.

చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య పేపర్ వేసి పెట్టండి. గంటసేపు బయట వదిలేస్తే చాలు, గాలిలో తేమ పీల్చి పైన జిగట తిరుగుతుంది. వాన రోజుల్లో ఈ ఒక్క వంటకం మానేయడమే నయం.

ఖర్జూరం ఉండలు

ఎక్కడానికి ముందు తినదగ్గవి ఈ మొత్తంలో ఇవే. కొవ్వు ఎక్కువున్నవి కడుపులో బరువుగా కూర్చుంటాయి. ఒకటి రెండు ఖర్జూరం ఉండలైతే అరగంట ముందు తిన్నా ఇబ్బందుండదు.

గింజలు తీసిన ఖర్జూరం 500 గ్రాములు, బాదం 200, జీడిపప్పు 100, కోకో పొడి 50 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను, పైన దొర్లించడానికి ఎండు కొబ్బరి పొడి 60 గ్రాములు.

ఖర్జూరం వేలితో నొక్కి చూడండి. మెత్తగా అణిగితే అలాగే వాడండి. గట్టిగా ఉంటే వేడి నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఎక్కువగా నానితే ఉండ జిగటగా తయారవుతుంది, దాన్ని బాగుచేయడం కష్టం. గింజ తీసినవే కొన్నా ఒక్కొక్కటీ విప్పి చూడండి, ప్యాకెట్టులో ఒక గింజ మిగిలి ఉన్నా ఒకరి పన్ను విరుగుతుంది.

బాదం, జీడిపప్పు మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, రవ్వలా ఉంటే చాలు. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆ నూనె రేపు వేళ్లకే అంటుతుంది. రవ్వ తీసి పక్కన పెట్టి, ఖర్జూరం ముద్దగా తిప్పి, రెండూ కోకో, ఉప్పుతో కలిపి చేత్తో పిసకండి. చిటికెడు తీసి నొక్కితే ఉండ నిలవాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు ఒక్క టీస్పూను. జిగటగా ఉంటే కోకో ఇంకో టేబుల్ స్పూను.

20 గ్రాముల ఉండలైతే 42 వస్తాయి. ఒక్కసారే నోట్లో వేసుకోవడానికి అంతకంటే పెద్దవి చేయొద్దు. ఉండ చుట్టిన వెంటనే, పైన తడి ఉండగానే కొబ్బరి పొడిలో దొర్లించండి. ఆరాక దొర్లిస్తే పొడి పట్టుకోదు. ఈ పూత అందానికి మాత్రమే కాదు, ఖర్జూరానికీ వేలికీ మధ్య అడ్డు అదే. ఫ్రిజ్‌లో గంట పెట్టి గట్టిపడ్డాక డబ్బాలో సర్దండి.

చాలామంది వీటిని చాక్లెట్‌లో ముంచుతారు. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకి కరుగుతుంది. ఇప్పుడే గోడ దిగినవాళ్ల అరచేతిలో అంత వేడి ఉంటుంది. ముంచి తీరాలంటే డార్క్ చాక్లెట్‌ని టెంపర్ చేయాలి. మూడింట రెండొంతులు 45–50 డిగ్రీలకి కరిగించి, మిగతా ఒక వంతు తరిగి కలుపుతూ 28కి చల్లార్చి, మళ్లీ 31–32కి వెచ్చబరచాలి. ఒక్క నీటి చుక్క పడ్డా చాక్లెట్ గడ్డకడుతుంది. ఇంతా చేశాక కూడా ఒక్కో ఉండని కాగితపు కప్పులో పెట్టాల్సిందే. కొబ్బరి పూత దీనికంటే మేలు.

శనగలు, ఆ నీళ్లతో పప్పులు

ఈ రెండూ కలిపి చేస్తే ఒకదాని నీళ్లు ఇంకోదానికి పనికొస్తాయి.

కాబూలీ శనగలు 400 గ్రాములు 10–12 గంటలు నానబెట్టి, మెత్తబడేలా, కానీ చితకకుండా ఉడికించండి. ఉడికిన నీళ్లు పారబోయకుండా అర గ్లాసు తీసి చల్లార్చండి. శనగల్ని వార్చి గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టాలి. పైన తడి ఉంటే ఓవెన్‌లో కాలవు, ఆవిరికి ఉడుకుతాయి. కాల్చిన శనగలు మెత్తగా వచ్చాయంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే.

నూనె ఒకటిన్నర టేబుల్ స్పూన్లు పట్టించి, ట్రేలో ఒకే పొరగా పరిచి 200 డిగ్రీల దగ్గర 40–45 నిమిషాలు కాల్చండి. పావుగంటకోసారి ట్రే కుదపండి. తర్వాత ఓవెన్ ఆపేసి, తలుపు కాస్త తెరిచి అరగంట లోపలే వదిలేయండి. ఆ అరగంటలో లోపలి తేమ పోతుంది. కారం, మిరియాల పొడి, మెత్తటి ఉప్పు బయటికి తీశాకే చల్లాలి, ముందే వేస్తే కారం మాడి చేదవుతుంది. వేడిగా ఉండగా మూత బిగించొద్దు. కాగితపు సంచిలో తీసుకెళ్లండి.

మసాలా పప్పులకి బాదం, జీడిపప్పు, అక్రూట్ కలిపి 500 గ్రాములు. ఒక గుడ్డు తెల్లసొన నురగ వచ్చేలా గిలకొట్టి పప్పులకి పట్టించి, చక్కెర 90 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు, దాల్చిన చెక్క పొడి ఒక టీస్పూను, కారం అర టీస్పూను కలపండి. గుడ్డు తిననివాళ్లుంటే తెల్లసొన బదులు ఆ శనగల నీళ్లు 2 టేబుల్ స్పూన్లు గిలకొట్టి వాడండి. నీళ్లు పల్చగా ఉంటే ముందు సగమయ్యేదాకా మరిగించి చల్లార్చాలి. రెండింటి పనీ ఒకటే, ఎండి పెళుసైన పొరగా మారి మసాలాని పట్టి ఉంచడం. వెన్నో నూనో వేసి చేసే పద్ధతీ ఉంది గానీ జిడ్డు మన శత్రువు.

150 డిగ్రీలు, 30 నిమిషాలు, సగంలో ఒకసారి విడదీస్తూ కలపాలి. ఒక బాదం మధ్యకి కోసి చూడండి, లోపల లేత గోధుమరంగు కనిపిస్తే తీసేయాలి. బయటికి తీశాక కూడా తమ వేడికి తాము వేగుతూనే ఉంటాయి. ట్రే మీద ఉన్నప్పుడు మెత్తగా అనిపిస్తాయి, చల్లారితే కరకరలాడతాయి. చల్లారాక కూడా మెత్తగా ఉంటే మళ్లీ 150 దగ్గర ఐదు నిమిషాలు పెడితే సరి. ఐదేళ్లలోపు పిల్లలకి గుండు పప్పులు, ఈ శనగలు ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

వేడి పానీయం

5 లీటర్ల యాపిల్ రసంలో దాల్చిన చెక్క ముక్కలు 3, లవంగాలు 10, రెండు నారింజల పైతొక్క. తొక్క లోపలి తెల్లటి పొర రాకుండా పల్చగా తీయాలి, చేదంతా అక్కడే ఉంటుంది. లవంగాలు పల్చటి గుడ్డలో మూటకట్టి వేస్తే ఎవరి గొంతులోకీ వెళ్లవు. మరగనివ్వకుండా సన్నని మంట మీద 20 నిమిషాలు ఉంచి వడకట్టి ఫ్లాస్కుల్లో పోయండి. ముప్పై మందికి తలా 160 మిల్లీలీటర్లు వస్తుంది. ఇందులో మద్యం కలపొద్దు. తాగాలనుకునేవాళ్లు తాళ్లూ హార్నెస్‌లూ సంచుల్లోకి వెళ్లిపోయాక, ఆ రోజుకి ఎవరూ ఎక్కేది లేదని తేలాక తాగుతారు.

సర్దడం, పెట్టడం

కరకరలాడేవీ మెత్తటివీ ఒక డబ్బాలో వేయొద్దు. ఖర్జూరంలోని తేమ రాత్రికి రాత్రే బిస్కెట్లలోకి వెళ్లి వాటిని మెత్తబరుస్తుంది. బ్యాగులో డబ్బాలు అన్నిటికంటే పైన ఉండాలి. వాటిపై క్విక్‌డ్రాలు (పట్టీతో కలిపిన జంట కారబైనర్లు) పడితే కారబైనర్ బిస్కెట్ల కథ అక్కడితో సరి.

బల్ల ఎక్కడ వేయాలన్నదీ వంటలో భాగమే అనుకోండి. మ్యాట్‌లకీ మనుషులు పడే చోటికీ దూరంగా, చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా వేయండి. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్, అది కాస్త నోట్లోకి పోయినా ప్రమాదమేమీ లేదు. కానీ చాక్‌తో పాటు వేళ్లకి అంటేది హోల్డుల మీది మురికి, బూట్ల అడుగున ఉన్న మురికి. శానిటైజర్ చల్లితే ఆ పొడి చేతి మీదే ముద్దవుతుంది తప్ప పోదు. సబ్బూ నీళ్లూ కావాలి, 20 సెకన్లు రుద్దాలి. బండల దగ్గర నీళ్లు లేకపోతే ఒక డబ్బాలో నీళ్లు, ద్రవ సబ్బు, పాత తువ్వాలు తీసుకెళ్లండి. అదీ కుదరకపోతే ప్రతి గిన్నెలో పెద్ద చెంచా పెట్టి, చిన్న కాగితపు కప్పుల్లో వేసివ్వండి. అందరూ ఒకే గిన్నెలో చేయి పెట్టే పద్ధతి ఇక్కడ వద్దు.

ప్రతి గిన్నె ముందూ అందులో ఏమేం పడ్డాయో రాసిన చీటీ ఉండాలి, "మసాలా పప్పులు" అని పేరొక్కటే కాదు.

బిలే చేస్తున్నవాళ్ల (కింద నిలబడి, ఎక్కేవాళ్ల తాడు పట్టుకునేవాళ్ల) చేతికి ఏదీ అందించొద్దు, నోటికీ అందించొద్దు. బ్రేకు తాడు మీది చేయి కదలకూడదు, చూపు పైన ఎక్కుతున్నవాళ్ల మీది నుంచి పక్కకి పోకూడదు. కలయికల్లో ఎవరో ఒకరు ప్రేమగా ప్లేటు పట్టుకుని బిలే చేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్తారు. అందుకే ఎక్కడం ముందు, తినడం తర్వాత అని వేళలు విడగొట్టి ముందే చెప్పేయడం మంచిది. అలా కుదరని చోట బల్ల దగ్గర ఒకరిని నిలబెట్టండి.

బండల దగ్గరైతే నారింజ తొక్కలు, పప్పు తునకలు, కాగితపు కప్పులు అన్నీ తిరిగి సంచిలోకే. తొక్కలు మట్టిలో కలిసిపోతాయిలే అని విసిరేస్తారు గానీ అవి నెలల తరబడి అక్కడే పడి ఉంటాయి. మనిషి తిండి రుచి మరిగిన జంతువులు తర్వాత వచ్చేవాళ్ల బ్యాగులు చింపుతాయి. జిమ్‌లోనైతే చివరగా మ్యాట్‌ల అతుకుల మధ్య వాక్యూమ్ పట్టండి, బిస్కెట్టు పొడి చేరేది అక్కడే, చీమలూ ఎలుకలూ వెతుక్కుంటూ వచ్చేదీ అక్కడికే.

బల్ల మీద తెరిచి పెట్టగా మిగిలిన పాకం పట్టీని ఆ సాయంత్రమే పంచేయండి, మర్నాటికి జిగటెక్కుతుంది. పప్పులు, బిస్కెట్లు గాలి చొరకుండా మూత పెడితే ఇంకో వారం బాగుంటాయి.